ఎర్రబడకూడని తీగ: థర్మోకోల్ కట్టర్ డైరీ

ఏప్రిల్ 14

మా బావమరిది పెళ్లి స్టేజీలు కడతాడు. తిరుపతిలో కల్యాణ మండపాలకు కొదవా? ముహూర్తాలున్న నెలల్లో వాడికి కంటి మీద కునుకుండదు. వెనక తెర మీద అంటించే థర్మోకోల్ అక్షరాలు ఇన్నాళ్లూ బయట కోయించుకునేవాడు. ఆ కోసే మనిషి ఈ పని మానేసి ఆటో కొనుక్కున్నాడట. నిన్న సాయంత్రం మా షాపుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బావా, బోరు మోటార్లనే విప్పి కడతా ఉండావు. ఒక తీగ వేడెక్కే మిషను చెయ్యలేవా నువ్వు?"

అదీ మొదలు. మే 9న పెళ్లి. "శ్రీరస్తు శుభమస్తు" అని అడుగెత్తు అక్షరాలు, కింద వధూవరుల పేర్లు, రెండంగుళాల మందం థర్మోకోల్‌లో.

చాకుతో కోస్తే థర్మోకోల్ గింజలు గింజలుగా రాలిపోతుంది. షాపంతా మంచు కురిసినట్టు ఉంటుంది, ఆ గింజలు చేతికి అంటుకుని చచ్చినా వదలవు. అదే వేడి తీగైతే గాజులాంటి అంచు వస్తుంది. థర్మోకోల్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి పెద్ద వేడేమీ అక్కర్లేదు. ఫ్యాన్సీ షాపుల్లో టార్చి సెల్లు వేసుకునే చిన్న కట్టర్లు దొరుకుతాయిగానీ, అవి పిల్లల స్కూలు ప్రాజెక్టులకే. నాకు కావాల్సింది బల్ల మీద నిలువుగా తీగ, కింద చెక్క, పైన చేయి. తీగ పొడవు 30 సెంటీమీటర్లు అనుకున్నాను.

మా నాయన కాలంలో కూడా ఇలాంటిది ఒకటి చేశారు. ఇస్త్రీ పెట్టె కాయిల్ సాగదీసి, సీరీస్‌లో బల్బు పెట్టి, నేరుగా 230 వోల్టుల కరెంటుకే తగిలించారు. పని చేసింది, కాదనను. కానీ తీగ అంటే ఒంటి మీద తొడుగు లేని కండక్టరు. దాన్ని పొరపాటున ముట్టుకున్నవాడికి తీగ వేడి తెలిసేలోపే కరెంటు తెలుస్తుంది. ఆ పద్ధతి వద్దని మొదటి రోజే రాసి పెట్టుకున్నాను. సీసీ కెమెరాలకు వాడే 12 వోల్టులు, 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును తక్కువ వోల్టులకు దించే పెట్టె) ఒకటి షాపులో పడి ఉంది. దాంతోనే.

ఏప్రిల్ 16

మొదటి ప్రయత్నం చెడింది. ఎలా చెడిందో వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ పనిలో నేను నేర్చుకున్నది సగం ఈ ఒక్క సాయంత్రమే.

తీగ కోసం దూరం పోలేదు. కాయిల్ స్టవ్వుల్లో వేసే 1000 వాట్ల కాయిల్ కొత్తది ఒకటి ఉంటే, దాంట్లోంచి కొంత ముక్క కత్తిరించి సాగదీశాను. అది హీటర్లలో వాడే నైక్రోమ్ లోహమే, 26 గేజి (తీగ మందానికి పెట్టిన నంబరు). ఎంత లాగినా స్ప్రింగు మెలికలు పూర్తిగా పోలేదు. పోనీలే, కోసేటప్పుడు బిగుతు మీద ఉంటుంది కదా అనుకున్నాను.

30 సెంటీమీటర్లకు 2 ఓమ్‌లు వచ్చింది. 12 వోల్టులకు 6 ఆంపియర్లు. అంటే 72 వాట్లు. ఈ లెక్క స్విచ్ వేసే ముందు వెయ్యాలి. నేను వేశాక వేశాను. రేడియో రిపేరుకు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. దానికి మూడింతల వేడి జానెడు పైచిలుకు సన్నతీగలోకి పంపితే ఏమవుతుంది? ముందు మెలికలున్న చోట్ల చుక్కలు చుక్కలుగా ఎర్రబడింది. రెండు క్షణాల్లో తీగంతా నారింజ రంగుకొచ్చి, సాగి, వంకరగా వంగింది. బావమరిది థర్మోకోల్ ముక్కను దగ్గరికి తెచ్చాడు. తీగ ఇంకా తగలనే లేదు, అది వెనక్కి ముడుచుకుపోతూ పోతూ భగ్గుమంది.

థర్మోకోల్ మంట చూడనివాళ్లు ఉంటే చెబుతున్నాను. అది కాలుతూ కారుతుంది. కారిన చుక్క కూడా మండుతూనే ఉంటుంది. నల్లటి మసి దారాలు దారాలుగా గాల్లో తేలుతుంది. మోటార్లు తుడిచే తడి గోనెసంచి పక్కనే ఉండబట్టి సరిపోయింది. నా కుడి చేతి వెంట్రుకలు పోయాయి, అంతే.

ఏ లోహమైనా కళ్లకు ఎర్రగా కనపడటం మొదలైందంటే చీకట్లో కూడా 525 డిగ్రీలకు చేరినట్టు. నాకు కావాల్సింది 300 లోపు. అంటే నా తీగ పని చేస్తున్నంతసేపూ మామూలు తీగలాగే కనపడాలి. ఎర్రబడిందంటే తప్పు జరుగుతున్నట్టు. ఇక్కడే ఇంకో ప్రమాదం కూడా ఉంది: ఎర్రబడని తీగ చల్లగా ఉన్నట్టే ఉంటుంది, ఎవరో ఒకరు ముట్టుకుంటారు. కాలితో నొక్కినంతసేపే పనిచేసే స్విచ్ పెట్టాలని రాసుకున్నాను.

ఏప్రిల్ 19

అక్క కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. అక్కడ ఇంజనీరింగ్ ఆఖరి ఏడు. ఉదయం టిఫిన్ కాగానే షాపుకొచ్చి, కాలిన బల్ల చూసి నవ్వి, బ్యాగులోంచి సీసా మూతంత రీలు ఒకటి తీశాడు.

"మామా, నా దగ్గర వేడెక్కే తీగ ఉంది. ఇది పెట్టు."

"ఏం తీగరా?"

"తెలీదు. 28 గేజి."

లేబుల్ సగం చిరిగిపోయి ఉంది. 28 అన్న అంకె తప్ప ఇంకేం కనపడలేదు. పేరు తెలియని తీగను వేడి చెయ్యడం నాకిష్టం లేదు. పై పూత ఏమిటో తెలియకపోతే దాని పొగ ఏమిటో కూడా తెలియదు. మొన్న బావమరిది, సెంట్రింగు పనోళ్లు వాడే బైండింగ్ వైరు పెడదామన్నప్పుడూ ఇదే చెప్పాను. అలాంటి కొన్ని తీగల మీద జింకు పూత ఉంటుంది. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇంకా ఎక్కువ కాలిస్తే దాని పొగకు జ్వరం పట్టుకుంటుంది. వెల్డింగువాళ్లను అడిగితే చెబుతారు.

సరే, పేరు తెలియని తీగకు పేరు పెట్టడం ఎలా? పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి దగ్గర పెట్టాను. టక్కున అంటుకుంది. అంటే నైక్రోమ్ కాదు. నైక్రోమ్‌లో 80 వంతులు నికెల్, 20 వంతులు క్రోమియం. నికెల్ ఒక్కటే అయితే అయస్కాంతానికి అంటుతుందిగానీ, అంత క్రోమియం కలిశాక ఆ గుణం పోతుంది. కాబట్టి ఇది ఉత్త నికెలైనా కావాలి, ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంతల్ అయినా కావాలి.

ఒక మీటరు కొలిచి కత్తిరించి, మల్టీమీటరు పెట్టాను. 18.1 ఓమ్‌లు. మీటరు వైర్లు రెండూ కలిపితే వాటి సొంతం 0.2 చూపిస్తుంది, అది తీసేస్తే 17.9. ఈ మందానికి ఉత్త నికెల్ అయితే మీటరుకు ఒక ఓమ్‌కు అటూ ఇటూ రావాలి, అంతే. మైక్రోమీటరు పెడితే తీగ 0.32 మిల్లీమీటర్లు. లెక్క కడితే రెసిస్టివిటీ, అంటే పొడవు, మందాలతో పని లేకుండా ఆ లోహానికే ఉండే నిరోధం, 1.44 మైక్రో ఓమ్ మీటర్లు వచ్చింది. కాంతల్ ఏ-1కు పుస్తకాల్లో ఉండేది 1.45. నా లెక్కలు ఇంత బాగా కుదరడం ఎప్పుడో గానీ జరగదు, కాబట్టి ఇక్కడ గొప్పలు చెప్పుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం తేడా కొట్టింది. నాకు తెలిసిన 28 గేజి అంటే 0.376 మిల్లీమీటర్లు. ముప్పై ఏళ్లుగా రాగి తీగలు చుడుతున్న చేతులివి. ఇది సన్నంగా ఉంది. తక్కువ మందం తీగను 28 అని అంటగట్టారు అనుకుని వదిలేశాను. (ఆ అనుకోవడమే వారం తర్వాత నా పరువు తీసింది.)

30 సెంటీమీటర్ల ముక్కను 12 వోల్టులకు పెట్టి చూశాం. 5.4 ఓమ్‌లు, 2.2 ఆంపియర్లు. ఇదీ ఎర్రగా కాలింది. అయితే కాంతల్ తట్టుకునే రకం. స్వీడన్‌లో హాన్స్ ఫాన్ కాంట్జో కనిపెట్టిన ఈ లోహం ఫర్నేసుల్లో వాడేది. వేడికి పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర కట్టి, తనను తానే కాపాడుకుంటుంది. నైక్రోమ్ దీనికంటే పాతది, అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా రొట్టెలు కాల్చే టోస్టరుకు తగ్గ తీగే లేదు.

అప్పుడడిగాను. "ఇంతకీ ఈ తీగ నీకెందుకురా?"

వాడు ఫ్యాను వైపు చూశాడు. తర్వాత బ్యాగులోంచి లోహపు గొట్టం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. వేప్, అదే ఈ-సిగరెట్.

తిట్టబోయాను. కానీ నా చేతులు నా నోటి కంటే ముందు పోయాయి, విప్పి చూశాను. లోపల సర్క్యూటే లేదు. ఒక 18650 సెల్లు (చార్జింగు పెట్టుకునే లిథియం సెల్లు), ఒక బటను, పైన వీడు సొంతంగా చుట్టిన కాయిల్. బటను నొక్కితే సెల్లు మొత్తం కాయిల్ మీద పడటమే.

"ఎన్ని ఓమ్‌లు చుట్టినావు?"

"మల్టీమీటరులో 0.3 చూపించింది మామా."

అందులో మీటరు వైర్లవే 0.2. ఒక ఓమ్ కంటే తక్కువ ఉన్నదాన్ని మామూలు మల్టీమీటరుతో కొలవకూడదని వైండింగ్ షాపుల్లో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా చెబుతాం. పవర్ సప్లై నుంచి సరిగ్గా 1 ఆంపియర్ పంపి, కాయిల్ రెండు కొసల మీద వోల్టేజీ చూశాను. 180 మిల్లీవోల్టులు. అంటే 0.18 ఓమ్. సెల్లు నిండా చార్జింగులో ఉంటే 4.2 వోల్టులు. భాగించమని వాడికే కాలిక్యులేటర్ ఇచ్చాను. 23 ఆంపియర్లు. సెల్లు కవరు మీద రాసి ఉన్నది 10.

పైగా ఆ సెల్లు కవరు పైకొస దగ్గర గోరంత చిరిగి ఉంది. 18650 సెల్లుకు ఒళ్లంతా నెగెటివ్, నెత్తి మీద బొడిపె ఒక్కటే పాజిటివ్. రెంటికీ మధ్య ఉన్నది ఆ పల్చటి ప్లాస్టిక్ కవరూ, చిన్న కాగితపు రింగూ. దాన్ని జేబులో తాళంచెవులతో పాటు వేసుకుని వీడు బెంగళూరు బస్సులో నిద్రపోతూ వచ్చాడు.

వాడి వాదన వాడికుంది. "మామా, సేఫ్టీ కోసమే మేం వైర్ చూసి కొంటాం. నికెల్, టైటానియం ఎర్రగా కాల్చకూడదు. కాంతల్, నైక్రోమ్, స్టెయిన్‌లెస్ స్టీల్ 316ఎల్ అయితే పర్లేదు." అందులో అబద్ధం లేదు. టైటానియం మరీ వేడెక్కితే పైన తెల్లటి ఆక్సైడ్ పొడి లేస్తుంది, ఇంకా పోతే అదే అంటుకుంటుంది. నికెల్, టైటానియం, స్టీలు తీగల రెసిస్టెన్సు వేడితో పాటు పెరుగుతుంది కాబట్టి, దాన్ని చూసి వేడి అదుపు చేసే సర్క్యూట్లు ఉంటాయి. కానీ వీడి గొట్టంలో సర్క్యూటే లేదే! ఎంత మంచి తీగైతే ఏం, 10 ఆంపియర్ల సెల్లును 23 అడిగితే?

ఇక తీగ సంగతికే వస్తే, కాలిన తీగ మీది ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీవాళ్లు 56 మంది వాడుతున్న పరికరాలు తీసుకుని పరీక్షిస్తే, సీసాలోని ద్రవంలో పెద్దగా లేని సీసం, నికెల్, క్రోమియం కాయిల్ తగిలాక ఆవిరిలో కనపడ్డాయి. 2018 నాటి మాట. మా అక్కకు గిల్టు కమ్మలు పెట్టుకుంటే రెండో రోజుకే చెవులు రసి కారతాయి. చాలామందికి అలా పడనిది నికెలే. "మీ అమ్మ చెవికే పడనిది నీ ఊపిరితిత్తులకు పడుతుందా?" అన్నాను. దీనికి మాత్రం వాడు సమాధానం చెప్పలేదు.

చట్టం సంగతీ గుర్తు చేశాను. 2019లో కేంద్రం ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, రవాణా, నిల్వ అన్నీ నిషేధించింది. అమ్మినవాడు మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా. రేపు వీళ్లమ్మ మొక్కు తీర్చుకోడానికి కొండకు తీసుకెళ్తానంటోంది. అలిపిరి తనిఖీలో బ్యాగు తెరిస్తే వాడి ముఖం చూడాలి.

సెల్లు మాత్రం తీసేసుకున్నాను. రెండు కొసలకూ ఇన్సులేషన్ టేపు చుట్టి, ఇసక పోసిన పాత రంగు డబ్బాలో పెట్టాను. ఖాళీ గొట్టం వాడి చేతికే ఇచ్చాను.

ఏప్రిల్ 25

కట్టర్ పని ఏమీ జరగలేదు. ఎండలకు బోర్లలో నీళ్లు దిగిపోయి, ఖాళీగా తిరిగిన మోటార్లు కాలి వస్తున్నాయి. చంద్రగిరి వైపు నుంచి ఒకటి, పాకాల వైపు నుంచి రెండు.

ఏప్రిల్ 27

పరువు పోయిన రోజు.

ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే తెలిసిన షాపులో నైక్రోమ్ తీగ 28 గేజి 5 మీటర్లు తెచ్చుకున్నాను. మేనల్లుడు ఫోనులో ఒక పట్టిక తీశాడు. వేప్ కాయిళ్లు చుట్టుకునేవాళ్లు తయారు చేసిన పట్టిక. ఒప్పుకోవాలి, సన్న తీగల గురించి వాళ్లు రాసినంత శ్రద్ధగా ఇంకెవరూ రాయలేదు. అందులో 28 గేజి నైక్రోమ్ మీటరుకు 13.5 ఓమ్‌లు అని ఉంది. నేను కొలిస్తే 9.8. మళ్లీ కొలిచాను. 9.8.

కల్తీ సరుకు ఇచ్చాడనుకుని రీలు పట్టుకుని షాపుకు పోయాను. కౌంటరులో పెద్దాయన నన్ను పిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ ఎరుగు. నేను గట్టిగా నాలుగు మాటలు అనేదాకా ఊరుకుని, తర్వాత మైక్రోమీటరు తీసి తీగకు పెట్టి నాకు చూపించాడు. 0.376.

"సరిగానే ఉండాది కదా సామీ. నువ్వు చూసిన పట్టీ ఏ గేజిది?"

అప్పుడు వెలిగింది. గేజిల్లో రెండు రకాలున్నాయి. మన దగ్గర వైండింగ్ షాపుల్లో వాడేది బ్రిటిష్‌వాళ్ల నాటి ఎస్‌డబ్ల్యూజీ, అందులో 28 అంటే 0.376 మిల్లీమీటర్లు. అమెరికావాళ్లది ఏడబ్ల్యూజీ, అందులో 28 అంటే 0.32. పట్టిక అమెరికావాళ్లది. మేనల్లుడి రీలూ ఆ లెక్కదే, తక్కువ మందం తీగేం కాదు. మొన్న మైక్రోమీటరు నా చేతిలోనే ఉంది, 0.32 అని చదివింది నేనే.

ఇది చిన్న తేడాలా కనిపిస్తుందిగానీ, వేప్ కాయిల్‌లో ఇదే సెల్లు ప్రాణం మీదికి వస్తుంది. పట్టిక చూసి చుట్లు లెక్కపెట్టుకుని, మన దగ్గర కొన్న తీగతో చుడితే, అనుకున్నదాంట్లో నాలుగింట మూడు వంతులు కూడా రెసిస్టెన్సు రాదు. ఆంపియర్లు మూడోవంతు పైన పెరుగుతాయి. అందుకే ఇకమీద గేజి నంబరు రాయను. మిల్లీమీటర్లే రాస్తాను.

పెద్దాయన టీ తెప్పించాడు. తాగి, తల వంచుకుని వచ్చాను.

మే 1

మిషను నిలబడింది.

ప్లైవుడ్ బల్ల, దానికి వెనక ఒక చెక్క స్తంభం, పైనుంచి ముందుకు చేయి. బల్లలో చిన్న రంధ్రం, అందులోంచి తీగ కిందికి. సోల్డరింగ్ పెట్టకూడదు. నైక్రోమ్‌కు సోల్డరు సరిగా పట్టదు, పట్టినా 183 డిగ్రీలకే కరిగిపోతుంది. కాబట్టి కింద ఇత్తడి బోల్టు, రెండు వాషర్ల మధ్య తీగ. పైన స్ప్రింగు, దాని కొక్కేనికి తీగ. కరెంటు స్ప్రింగులోంచి పోకుండా, పక్కనే పింగాణీ కనెక్టరు పెట్టి, మెత్తటి వైరు నేరుగా తీగకే ఇచ్చాను. కరెంటు స్ప్రింగులోంచి పోతే అదీ వేడెక్కి బిగుతు పోతుంది.

స్ప్రింగు ఎందుకంటే, వేడెక్కినప్పుడు ఈ 30 సెంటీమీటర్ల తీగ మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. వినడానికి ఏమీ కాదు. కానీ స్ప్రింగు లేకుండా చూస్తే, ఆ మిల్లీమీటరుకే తీగ మధ్యలో విల్లులా బొజ్జ వస్తుంది. అక్షరం పై అంచు ఒకచోట, కింది అంచు ఒకచోట తెగుతుంది.

12 వోల్టుల ఎస్ఎంపీఎస్ తర్వాత, వోల్టేజీ తగ్గించే బక్ బోర్డు. దాని తర్వాత 3 ఆంపియర్ల ఫ్యూజు, కాలి స్విచ్. అర ఆంపియర్ నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. 1 ఆంపియర్ దగ్గర థర్మోకోల్ మీద గాడి పడుతుంది, ముందుకు పోదు, తీగే వంగుతుంది. 1.3 దగ్గర తెగుతుందిగానీ చెయ్యి నొప్పి పుడుతుంది. 1.6 దగ్గర వెన్నలో పోయినట్టు పోయింది. 2 దాటితే సన్నగా పొగ లేస్తుంది, కోత వెడల్పవుతుంది. 1.6 దగ్గర ఆపాను. 4.7 వోల్టులు, అంటే 7.5 వాట్లు. ఆ రోజు నేను పంపిన 72 వాట్లలో ఇంచుమించు పదో వంతు!

వేడి కొలిచే లేజరు గన్ను తెస్తానని బావమరిది అన్నాడు. వద్దన్నాను. గన్ను చూసేది రూపాయి బిళ్లంత చోటు, తీగ దానికి వెంట్రుకతో సమానం. వెనక గోడ వేడి చూపిస్తుంది. పొగే నాకు మీటరు.

మే 4

టీ తాగడానికి బయటికెళ్లి వచ్చేసరికి షాపులో ఘాటు. కళ్లు మండాయి. బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసా మూత తీసినట్టు.

మావాడు సన్‌బోర్డు ముక్క పెట్టి కోస్తున్నాడు. "అక్షరాల ముందు వైపు ఇదైతే మెరుపొస్తది బావా" అన్నాడు. కాలి స్విచ్ మీంచి వాడి కాలు లాగేశాను. తలుపులు తీసి, ఫ్యాను బయటికి తిప్పి, అందరం రోడ్డు మీద నిలబడ్డాం.

సన్‌బోర్డు పేరుతో అమ్మే షీట్లలో చాలా వరకు పీవీసీవే. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది, వేడి చేస్తే యాసిడ్ ఆవిరి వస్తుంది. వాసన యాసిడ్‌లా ఉండటం కాదు, అది ఆ యాసిడే. మనుషుల ముక్కుతో పాటు షాపులోని ఇనప సామాను కూడా తుప్పు పట్టిస్తుంది.

నమ్మకపోతే చూడమని ఒక పరీక్ష చేసి చూపించాను, బయట, గాలికి ఎదురు నిలబడకుండా. వైండింగ్ రాగి తీగ ముక్క తీసుకుని, ఎనామిల్ గీకేసి, గ్యాసు మంటలో కాల్చాను. ఎర్రగా ఉన్నప్పుడు ఆ షీటుకు ఒకసారి తాకించి మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా వెలిగింది. క్లోరిన్ ఉంటే రాగి అలా పచ్చగా మండుతుంది. థర్మోకోల్‌తో చేస్తే ఆ రంగు రాదు. మావాడు నోరు తెరిచి చూశాడు. ఇకపై కొత్త షీటు ఏది వచ్చినా ముందు రాగి తీగ పరీక్ష, తర్వాతే కట్టరు. సోఫాల్లో వేసే ఫోమ్ అసలు తీసుకురావద్దన్నాను. అది కాలితే సయనైడ్ వాయువు కూడా వస్తుంది, దానికి పచ్చ మంటల హెచ్చరికలేం ఉండవు.

థర్మోకోల్ పొగ మంచిదని కాదు. అందులోంచి వచ్చేది స్టైరీన్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో దాన్ని బహుశా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలోకి మార్చింది. అందుకే బల్లను షాపు వెనక రేకుల కిందికి జరిపాను. వీపు వెనక నుంచి టేబుల్ ఫ్యాను, పొగ ముందుకు పోయేలా.

మేనల్లుడు పక్కనే ఉండి అంతా విన్నాడు. "నేను పీల్చేది దీనికంటే నయమేనేమో మామా" అన్నాడు నవ్వుతూ. ఫ్యాను ఇంకొంచెం పెంచాను.

మే 8

రేపు పెళ్లి. గంగజాతర దగ్గర పడింది, ఊరంతా హడావుడి. రాత్రి ఏడింటికి మొదలుపెట్టి పన్నెండింటికి "శ్రీరస్తు శుభమస్తు" ముగించాం.

ఇంగ్లీషు అక్షరాలు కోసేవాళ్లకు తెలియని బాధ మనకుంది. తెలుగు అక్షరాలకు కడుపులెక్కువ. "ర"కు లోపల బోలు. వరుడి పేరులో ఒక సున్నా, వధువు పేరులో ఒక సున్నా. లోపలి బోలు కోయాలంటే అంచు నుంచి గీటు పెట్టి లోపలికి పోవాలి, ఆ గీటు లైటు పడితే కనపడుతుంది. లేదా కొక్కెం నుంచి తీగ విప్పి, అక్షరం మధ్యలో సూదితో రంధ్రం పొడిచి, అందులోంచి తీగ దూర్చి, మళ్లీ కొక్కేనికి చుట్టాలి. మేం రెండోదే చేశాం. ప్రతి బోలుకూ ఒకసారి విప్పడం, ఒకసారి చుట్టడం.

మధ్యలో మేనల్లుడు పట్టుబట్టాడు. "నా తీగ ఒక్కసారి పెట్టి చూడు మామా. కాంతల్ కూడా మంచిదే కదా." సరేనని ఆ 30 సెంటీమీటర్ల ముక్కే పెట్టాను, 0.32 మిల్లీమీటర్లది. సన్నం కాబట్టి ఆంపియర్లు తగ్గించి 1.2కు దించాను. కోత బ్రహ్మాండంగా వచ్చింది, నైక్రోమ్ కంటే సన్నటి గాడి. "శుభ" వరకు అదే.

"మ" లోపలి బోలు దగ్గరికొచ్చి, కొక్కెం విప్పి, మళ్లీ చుట్టబోయాను. పుట్టుక్కుమంది. గాజు పుల్లలా విరిగింది, వంగనే లేదు. ఆ రోజు పరీక్షకని ఎర్రగా కాల్చిన ముక్క అది. కాంతల్ గట్టిగా కాలాక లోపల రేణువులు పెరిగి పెళుసవుతుంది. కాయిల్‌లా ఒకసారి చుట్టి వదిలేస్తే ఏం కాదు, ఇలా విప్పుతూ చుడుతూ ఉంటే నిలవదు. నైక్రోమ్ కాలాక కూడా మెత్తగానే ఉంటుంది. మొదటి నుంచీ వాడుతున్న నైక్రోమ్‌నే మళ్లీ ఎక్కించాను. రెండు సున్నాలూ దాంతోనే తెగాయి.

విరిగిన ముక్క మేనల్లుడు చేతిలోకి తీసుకుని, కొసను గోటితో నొక్కి చూశాడు. మళ్లీ విరిగింది. ఇంకో చోట నొక్కాడు. అక్కడా విరిగింది.

"ఇది విరిగినప్పుడు లోపల ముక్కలు..." అని ఆగాడు. నేను కొక్కెం చుడుతూ ఉన్నాను, తల ఎత్తలేదు.

అక్షరాలు వ్యానుకెక్కించాక వాడే బల్ల తుడిచాడు. తుడుస్తూ, ఇసక డబ్బాలో సెల్లును ఏం చేస్తావని అడిగాడు. పాత మొబైల్ బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేస్తానన్నాను. రీలు కూడా డబ్బా పక్కనే వదిలేసి పోయాడు.

ఇంకా మిగిలిన పనులు: స్ప్రింగు కొంచెం మెత్తది పెట్టాలి, ఇప్పటిది తీగను మరీ లాగుతోంది. సున్నాలు గుండ్రంగా తిరగడానికి బల్లలో ఒక మేకు కొట్టాలి. 0.376 నైక్రోమ్ ఇంకో 5 మీటర్లు తేవాలి. పెద్దాయన షాపుకు బావమరిదినే పంపిస్తాను.